బి సైడు

మా చిలకలూరిపేట బస్టాండు పక్కన పాటలు రికార్డు చేసిచ్చే అన్న ఒకడుండేవాడు. ప్రేమలో పడ్డ కుర్రాడెవడు ఖాళీ క్యాసెట్టు తెచ్చినా, కలల్లో తేలించే పాటలు ఒకవైపే ఎక్కించి చేతిలో పెట్టేవాడు.

"బి సైడు వదిలేశావేంటన్నా?" అంటే, "లవ్ ఫెయిల్యూర్ పాటలకి ఉంచరా. మిరప కోతలయ్యేసరికి నువ్వే వస్తావు" అనేవాడు. ఆ నోటి చలవేమో, దాదాపు అందరం వెళ్లాం.

షాపుకి ఎదురుగా కుట్టుమిషను నేర్చుకునే అమ్మాయిని అన్న కూడా ప్రేమించాడు. ఆమెకి ఒంగోలు సంబంధం కుదిరి పెళ్లయిపోయింది. కొన్నాళ్లు మూసిన షాపు మళ్లీ తెరిచిన రోజు, ఆమె కోసం చేసి ఇవ్వలేకపోయిన క్యాసెట్టు అన్న చేతిలో ఉంది.

"ఇక నీ బి సైడు కూడా ఎక్కించుకో అన్నా" అన్నాను.

"చోటు లేదురా" అన్నాడు. "రెండువైపులా ప్రేమే ఎక్కించేశాను."