బాలమ్మక్క కెమెరా ముందు నేను వేసిన పులివేషం

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఉంటే అమ్రాబాద్ అడవిలో ఉద్యోగానికి చేరేవాణ్ణే కాదు. దయ్యాలకు ఒంట్లో వేడి ఉండదంటారు. వేడి లేనిదాన్ని మా కెమెరా కూడా నమ్మదు. మా ఇద్దరికీ అక్కడే కుదిరింది.

మాది హుజూర్‌నగర్ దగ్గర పల్లె. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ళకు, అడవి జంతువులను లెక్కపెట్టే ఒక చిన్న జట్టులో తాత్కాలికంగా చేరాను. జంతువులు నడిచే బాటల పక్కన చెట్లకు మోకాలెత్తున కెమెరాలు కట్టాలి. ఎదురుగా వేడి ఒళ్ళు ఏది కదిలినా కెమెరా దానంతటదే ఫొటో తీసుకుంటుంది. వారానికోసారి వెళ్ళి చూసుకోవడమే మా పని.

నాకు జోడీ బాలమ్మ. నాకంటే పదేళ్ళు పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి. బడికి పోయింది తక్కువ, మేకల వెంట తిరిగింది ఎక్కువ. నాకు ఎండుటాకులు మాత్రమే కనపడే చోట ఆమె గొంతుకూర్చుని, "ఆడ చిరుత తమ్మీ. నిమ్మళంగ వోయింది" అనేది. ఆమె చూపించిన చెట్టుకు కెమెరా కడితే చిరుత పడేది. నేను పుస్తకం ప్రకారం కట్టిన చోట బర్రెలు పడేవి. ఒక వారమంతా ఒకే బర్రె పడింది. చివరి ఫొటోల్లో అది నన్ను గుర్తుపట్టినట్టు కూడా కనిపించింది.

నేల మీది అడుగు నాకు కనపడదు. ఆమెను అడుగుదామంటే అహం అడ్డం. ఆమెకు తెలిసింది జాడ, నాకు పట్టుకున్నది జాడ్యం. ఆమె ఫొటోలను అందరూ మెచ్చుకుంటుంటే నవ్వుతూ చప్పట్లు కొట్టేవాణ్ణి. ఆ రాత్రి అన్నం సయించేది కాదు.

ఆ వేసవి చివర మా పెద్దసారు ఒక మాట చెప్పాడు. వచ్చే ఏడాది మా ఇద్దరిలో ఒక్కరినే జట్టుకు పెద్దగా ఉంచుకుంటారట. మా బాపు అప్పటికే నేను అడవి ఆఫీసరునని ఊరంతా చెప్పేశాడు. సరిగ్గా ఆ వారమే, వాగు పక్కన బాలమ్మక్క కట్టిన కెమెరా దగ్గర చిరుత పిల్లల అడుగులు కనపడ్డాయి. తల్లీపిల్లలు ఫొటోలో పడితే ఆ ఉద్యోగం ఆమెదే.

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి గురించి చెప్పాలి. కెమెరా కట్టాక దాని ముందు ఎవరైనా నాలుగు కాళ్ళ మీద పాకాలి. మీద ఉన్న చిన్న ఎర్ర దీపం వెలిగితే ఎత్తు సరిపోయినట్టు. మా జట్టులో దీన్ని పులివేషం అనేవాళ్ళం. వేషం ఎప్పుడూ నాదే. పాకడం అయిపోగానే బాలమ్మక్క వదిలేది కాదు.

"లేచి నిలవడు తమ్మీ. కెమెరాకు మొఖం సూపెట్టు. చేతులు దులుపుకో. ఏషం ఆడనే ఇడిసి రావాలె."

"ఎందుకక్కా? కెమెరా భయపడతదా?"

"నవ్వు నవ్వు. మా మేనమామ పీర్ల పండుగకు పులేషం ఏస్తుండె. రంగంత కడుక్కొని, మనిషి లెక్క నిలవడితెనే మా అవ్వ ఇంట్లకు రానిచ్చేది. ఏషం ఏసుడు అల్కనే. ఇడుసుడే కష్టం."

నేను లేచి, కెమెరాకు దండం పెట్టి మరీ వెక్కిరించేవాణ్ణి.

మా చెల్లె బిడ్డను తొట్టెలలో వేసే వేడుక ఉండి అయిదు రోజులు సెలవు పెట్టాను. బయల్దేరే ముందు సాయంత్రం, ఎవరికీ చెప్పకుండా, ఆ వాగు పక్క కెమెరా దగ్గరికి వెళ్ళాను. చెట్టు వెనక నుంచి చేయి చాపి, కెమెరా కింది అంచుకూ చెట్టుకూ మధ్య ఒక పుల్ల దోపాను. కెమెరా కాస్త పైకి చూసింది. ఇక చిరుత నడిస్తే పడదు, మనిషి నిలబడితేనే పడతాడు.

సరిగా కుదిరిందో లేదో చూడాలి కదా. పాకాను. దీపం వెలగలేదు. అక్కడ లేస్తే నా మొహమే ఫొటోలో పడుతుంది కాబట్టి లేవకుండా అలాగే పొదల్లోకి పాకిపోయాను. ఎక్కడ లేచి నిలబడ్డానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు. బండి స్టార్ట్ చేయడం మాత్రం గుర్తుంది.

తొట్టెల అయ్యాక నేను తిరిగొచ్చే ముందు రాత్రి మృగశిర వాన గట్టిగా పడింది. ఆ తెల్లవారుజామున నేను దేవరకొండ బస్‌స్టాండులో టీ తాగుతున్నాను. బస్సు టికెట్టు చాలాకాలం దాచుకున్నాను. క్యాంపు చేరగానే బాలమ్మక్కతో కలిసి ఆ కెమెరా దగ్గరికి వెళ్ళాను.

ఆమె నేలను చూసి ముందు నవ్వింది.

"ఇయ్యాల పొద్దుగాల ఎవలో పులేషం ఏసిండ్రు."

తడి మట్టిలో అరచేతులు, మోకాళ్ళు. వానకు ముందరివైతే కొట్టుకుపోవాలి. ఇవి అంచులు కూడా విరగకుండా ఉన్నాయి. ఆమె నవ్వు ఆగింది. నా కుడి చేయి పట్టుకుని ఆ గుర్తు పక్కనే మట్టిలో అదిమింది. చిన్నప్పుడు జీపు తలుపులో నలిగి నా చిటికెన వేలు బయటికి వంకర తిరిగి ఉంటుంది. రెండు గుర్తుల్లోనూ ఆ వేలు ఒకే తీరుగా వంగి ఉంది.

"ఎప్పుడొచ్చినవ్ తమ్మీ?"

"ఇప్పుడే కదక్కా, నీతోనే."

"మరి ఇది ఎవలది?"

ఆమె గుర్తుల వెంట నడిచింది. నేను ఆమె వెంట నడిచాను. పొదలు దాటి వాగు ఇసుక దాకా వెళ్ళాక గొంతుకూర్చుంది.

"ఈడిదాంక మోకాళ్ళున్నయ్. ఈడికెళ్ళి లేవు."

అక్కడి నుంచి అరచేతులూ కాలివేళ్ళే. ఒక్కో జతకూ మధ్య దూరం పెరుగుతూ పోయింది. అవతల బండరాళ్ళ మీద గుర్తులు ఆగిపోయాయి. లేచి నిలబడిన పాదాల గుర్తు ఎక్కడా లేదు.

బాలమ్మక్క నన్ను కెమెరా ముందుకు లాక్కొచ్చింది. "నిలవడు. చేతులు దులుపుకో," అంది. గొంతులో వెటకారం లేదు. నేనూ వెక్కిరించలేదు. దులుపుకున్నాక పుల్ల తీసి ఆమె చేతిలో పెట్టి, చేసిందంతా చెప్పాను.

ఆమె పుల్లను వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"నీ రాత సూసి నాకు గూడ కుళ్ళే ఉండె తమ్మీ. నా పేరు నేను రాయనీకే జాములు వడ్తది. గని నేనేమన్న నీ పెన్నుల పుల్ల వెట్టిన్నా?"

కెమెరాలో కొమ్మలూ ఆకాశమూ తప్ప ఏమీ లేవు. తల్లీపిల్లలు వాన వెలిశాక దాని కిందినుంచే నడిచాయని నేల చెబుతోంది. పాకినదెవరో కూడా దాని కిందినుంచే పోయారు. పెద్దసారుకు నేనే నిజం చెప్పాను. ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఏడాది తర్వాత ఆమె అడిగితేనే నన్ను మళ్ళీ తీసుకున్నారు.

నన్ను దారిలో పెట్టడానికి ఆమే ఆ గుర్తులు వేసిందని కొన్నాళ్ళు అనుకున్నాను. కానీ ఆ పొద్దున ఆమె క్యాంపులోనే ఉందని వంటమనిషి చెప్పాడు. పైగా నా చేయి నాతోపాటు దేవరకొండలో టీ గ్లాసు పట్టుకుని ఉంది.

ఆ గుర్తులు చూసిన రోజే, చెట్టు కింద కూర్చుని జాడల పుస్తకం నేనే రాశాను. ఆమె చెప్పింది: వాన తర్వాత, ఒంటరిగా, వాగు వైపు, చివర పరుగు. జంతువు పేరు రాసే గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఇక్కడ ఏం రాయాలక్కా?"

"నాకు దెల్వది. నీకు దెలిస్తే రాయి."

ఏళ్ళు గడిచాయి. ఆ పుస్తకం ఆమె దగ్గరే ఉంది, ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.