ఆశీర్వాదం అడిగిన కాయిల్

నిన్న పొద్దున ఆశీర్వాదం నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. వాడే అనుకుని, "వస్తున్నా రా, ఈ ఆదివారం పక్కా" అని మొదలుపెట్టేశాను.

అవతల వాడి కూతురు. "అంకుల్, డాడీ పోయిండు."

చాయ్ చేతిలోనే చల్లారిపోయింది.

మేం చిన్ననాటి దోస్తులం. వాడు పంజాగుట్ట హాస్పిటల్ నుంచి ఆ పక్కనే ఉన్న తన ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఒకటే పాట.
"యాద్గీ, నీ చెయ్యి ఇంక ఆడుతదా? రా, గా కాయిల్ మళ్ల చుడదాం."

నేను మోకాళ్లన్నాను. ట్రాఫిక్ అన్నాను.

మాది ఎస్.ఆర్. నగర్. మెట్రో ఎక్కితే రెండో స్టేషన్. ఏం మనిషిని నేను, థూ!

ఆ కాయిల్ సంగతి మా ఇళ్లల్లో అందరికీ తెలుసు. తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను.

పంతొమ్మిది వందల నలభైల నాటి మాట. మాకు మీసాలు కూడా రాలేదు. అమీర్‌పేటలో మా ఇళ్లల్లో కిరసనాయిలు దీపాలే. పంజాగుట్టలో ఒక బంగ్లాకు కరెంటు ఉండేది. ఆ ఏడు చర్చి వాళ్ల క్రిస్మస్ నాటకం ఆ కాంపౌండ్‌లో పెట్టారు.

చీకట్లో గొర్రెల కాపరులు పడుకుని ఉంటారు. పైన నక్షత్రం మెల్లమెల్లగా వెలగాలి. అది ఆశీర్వాదం డ్యూటీ.

వాడికి రేడియోల పిచ్చి. బల్బుకు పోయే వైరు మధ్యలో గొట్టం మీద రాగి తీగ చుట్టిన కాయిల్ ఒకటి పెడదామన్నాడు.

"గీ కరెంటు బ్యాటరీ లెక్క ఒక్క దిక్కే పోదురా. ముందుకెనకకు ఊగుతనే ఉంటది. కాయిల్‌కు గా మార్పు పడదు, అడ్డం తిరుగుతది. లోపల ఇనుము పెడితే ఇంక గట్టిగ అడ్డం తిరుగుతది, బల్బు మసకబడ్తది. ఇనుము మెల్లగ గుంజినమనుకో, మెల్లగ వెలుగుతది. మస్తుంటది సూడు!"

ఆ అడ్డానికి పేరు ఇండక్టివ్ రియాక్టెన్స్ అట. నాకు నోరు తిరగలేదు.

మాది మగ్గాల కుటుంబం. నూలు కండెలు చుట్టీ చుట్టీ చెయ్యి తిరిగినవాణ్ని. అందుకే రాగి తీగ నాకిచ్చాడు.

ఎక్కడా తెగకుండా పొర మీద పొర చుట్టాను. సగానికి వచ్చేసరికి కుడి చెయ్యి నొప్పి పుట్టింది. ఎడమ చేత్తో తిప్పడం మొదలుపెట్టాను. చెయ్యితో పాటు చుట్టే దిక్కు కూడా మారింది. నూలు ఎటు చుట్టినా ఒకటే కదా, ఇంట్లో అందరం అట్లాగే చేసేవాళ్లం.

బంగ్లా వాళ్లు కరెంటు వైరు ఇచ్చిందే నాటకం మొదలయ్యే ముందు. ట్రయల్ చూసుకునే టైమ్ లేదు.

స్విచ్ వేయగానే నక్షత్రం భగ్గుమంది. ఆశీర్వాదం ఇనుప తీగల కట్టను కాయిల్‌లోకి తోస్తున్నాడు, లాగుతున్నాడు. బల్బుకు చీమ కుట్టినట్టయినా లేదు.

జనం ఒకటే నవ్వు. వాడి ముఖం నాకింకా కళ్లల్లోనే ఉంది.

మర్నాడు తీగ విప్పి చూశాడు. "సగం అటు, సగం ఇటు. ఒకదాన్నొకటి కొట్టేసుకున్నయ్‌రా. ఇంక అడ్డం తిరిగేదేముంది?" అని నవ్వేశాడు.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మరుసటి ఏడాదికి ఆ బంగ్లా వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. వాడికి నౌకరీ, నాకు టైలరింగ్ షాపు. నేను ఏ పని చెడగొట్టినా, "మళ్ల చెయ్యి మార్చినవా?" అనేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఇన్నేళ్లూ అది నవ్వులాటే అనుకున్నాను.

నిన్న వాడింటికి వెళ్లాను. అప్పుడు మాత్రం మోకాళ్లు గుర్తు రాలేదు.

మంచం కింద అట్టపెట్టె. అందులో కొత్త రాగి తీగ, గొట్టం, పాతకాలం ఫిలమెంట్ బల్బు.

కూతురు చెప్పింది. "చర్చి పిల్లలు ఎల్‌ఈడీ నక్షత్రం పెట్టి ఫోన్‌తోటి వెలుగు ఎక్కువ తక్కువ చేస్తం తాతా అన్నరు అంకుల్. డాడీ వద్దన్నడు. యాద్గి వస్తడు, చుడ్తడు, ఒక్కసారన్న నా నక్షత్రం మెల్లగ వెలగంగ సూడాలె అన్నడు."

అక్కడే కూలబడి ఏడ్చాను. రెండు స్టేషన్ల దూరం, నేను పోలేదు.

పెట్టె అడిగి తెచ్చుకున్నాను.

ఆశీర్వాదం, క్రిస్మస్ లోపు చుడతాను. ఎంత నొచ్చినా చెయ్యి మార్చను. చూడాల్సిన వాడివి నువ్వే లేవు, ఈ పాపం నాది.

నీ ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండురా. నేనొచ్చాక ఒక్కసారి తిట్టు.