ఉప్పు లేని మజ్జిగ

మా పక్కింటి హెడ్మాస్టరు గారు పోయారని మొన్న అనకాపల్లిలో ఉంటున్న నాకు కబురొచ్చింది. మా ఊరు నర్సీపట్నం వచ్చేదాకా బస్సులో ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. ఏది రావాలో నాకు ఇప్పటికీ తేలడం లేదు.

మిషన్ స్కూల్లో నాకు లెక్కలు చెప్పింది ఆయనే. లెక్క తప్పితే తన కూతురికైనా సున్నాయే అనేవారు, వేసేవారు కూడా. మధ్యాహ్నాలు అమ్మ పెరటి గోడ మీంచి ఆయనకు గ్లాసుడు మజ్జిగ అందించేది. అందులో ఉప్పు చిటికెడు ఎక్కువే పడాలి.

డెబ్బైల్లో బలిఘట్టం దారిలో ఉన్న నాన్న బెల్లం గోడౌను కాలిపోయింది. ఇన్సూరెన్సు ఉంది కానీ, లోపల సరుకెంత ఉండేదన్న దగ్గర పేచీ వచ్చింది. మాకొక మధ్యవర్తి, కంపెనీకొక మధ్యవర్తి. వాళ్లిద్దరికీ కుదరకపోతే ఆఖరి మాట అంపైరుది. అంపైరుగా ఇద్దరూ ఒప్పుకున్న పేరు మేస్టారిదే. మాకింక భయం లేదనుకున్నాం.

ఆ మర్నాడే గ్లాసు వెనక్కొచ్చింది. "తీర్పు సెప్పీదాకా మీ ఉప్పు నాకొద్దమ్మా" అన్నారట. కంపెనీ వాళ్లు పంపిన కారూ ఎక్కలేదు. సైకిలు మీద వెళ్లి, కరిగి గట్టిపడ్డ బెల్లాన్ని గునపంతో పెళ్లగించి చూసేవారు. ఒళ్లంతా మసితో తిరిగొస్తుంటే నాకు నవ్వొచ్చేది, గర్వంగానూ ఉండేది.

తీర్పు కంపెనీ లెక్కకే దగ్గరగా వచ్చింది. గోడౌను మళ్లీ లేవలేదు. నాన్న గొలుగొండలో ఎవరి కొట్లోనో గుమాస్తాగా చేరారు. ఒకరోజు గోడ దగ్గర నిలబడి అడిగేశారు.

"ఏటి మేస్టారూ, సొంతోళ్లకి ఎక్కువ రాసీసారంటారని తగ్గించీసారా?"

ఆయన సైకిలుకి స్టాండు వేసి గోడ దగ్గరికొచ్చారు.

"పరాయోళ్లయితే ఇంకాస్త ఎక్కువ రాసీవోడినేమో బాబూ. నాకే తెలీడం లేదు."

నాన్న మళ్లీ ఆయనతో మాట్లాడలేదు. అమ్మ మాత్రం మజ్జిగ ఇవ్వడం మొదలుపెట్టింది, ఉప్పు వెయ్యకుండా. అది కోపమో, ఆయన మాటకిచ్చిన మర్యాదో చెప్పలేదు. ఆయనా అడగలేదు. తాగేసి, గ్లాసు కడిగి గోడ మీద బోర్లించేవారు. ఆ రోజుల్లోనే నన్ను కూర్చోబెట్టి పరీక్షకు చదివించారు. ఇవాళ నేను టీచరునంటే ఆయన చలవే. మమ్మల్ని ముంచిందీ ఆయనేనా అంటే, ఏం చెప్పను?

నిన్న సమాధుల తోట నుంచి వచ్చేసరికి అమ్మ మజ్జిగ చేస్తోంది. గ్లాసులో పోసి, ఉప్పు వేసి, బాగా కలిపి గోడ మీద పెట్టింది. ఎందుకని అడగబోయాను. ఇంతలో నాన్న వంటింట్లోంచి మూత తెచ్చి, ఈగలు పడకుండా దాని మీద పెట్టారు.