ఒళ్ళు సల్లగుంది

ఎండు చెరుకాకు కాలుతున్న వాసన బస్సు కిటికీలోంచి తగిలితే చాలు, నర్సీపట్నం పక్కన మా అమ్మమ్మగారి ఊళ్ళో తొంభైలనాటి పుష్యమాసం గుర్తొస్తుంది: కొయ్యూరు కొండల మీంచి దిగే చలిగాలి, ఇంటి వెనక గానుగ పొయ్యిమీద కుతకుతలాడే బెల్లం పాకం, తాటాకు ముక్కతో గీరి నాకితే చురుక్కున కాలే నాలుక.

చెరుకు నరికేటప్పుడు చెత్త కింద ఎలుక గూళ్ళు బయటపడేవి. వేలి కణుపంతేసి ఎర్రటి పిల్లలు, ఒంటిమీద నూగైనా లేనివి, ఒకదాని కిందికి ఒకటి దూరుతూ ముద్దగా ఉండేవి. పక్కకి దొర్లిపోయిన పిల్ల మాత్రం కీచుమనేది కాదు, గులకరాయిలా చల్లగా పడుండేది. గుప్పిట్లో పెట్టుకుని నోటితో ఆవిరి ఊదితే కాసేపటికి కాళ్ళు కదిపేది. మాకదొక ఆట.

ఆ చలిలోనే నెలలు నిండకుండా నాకు చెల్లి పుట్టింది. అమ్మమ్మ రోజూ పొద్దున్నే దాన్ని చాచిన కాళ్ళమీద బోర్లా వేసుకుని, నూనె రాసి, వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, పాత చీర ఉయ్యాలలో వేసేది. మొదట్లో పిల్లికూనలా ఏడ్చేది. తరవాత అదీ మానేసింది.

"ఏటమ్మా, పాలకి కూడా ఏడవట్లేదు?" అంది మంచంమీంచి అమ్మ.

అమ్మమ్మ ఉయ్యాలలో చెయ్యి పెట్టి చూసింది. "ఒళ్ళు సల్లగుందే. జొరం గిరం ఏటీ నేదు. నీ పెద్దదానిలాగ ఊరు లేపెయ్యదిది, బుద్దిమంతురాలు. పడుకోనీ."

అమ్మ నవ్వింది. నేను మూతి ముడుచుకున్నాను. మా ఇళ్ళల్లో రోగమంటే ఒళ్ళు కాలడమే. చల్లని ఒళ్ళు క్షేమం కింద లెక్క.

మధ్యాహ్నం పిల్లని రొమ్ముకి ఆనించుకున్న అమ్మ అరిచిన అరుపుకి గానుగ దగ్గరి మనుషులంతా పరుగెత్తుకొచ్చారు. గానుగ పొయ్యిలో అంత మంట ఇంటి వెనకే ఉంది.

పదో తరగతితో బడి మానేసిన నేను, తరవాత నర్సీపట్నం లైబ్రరీలో అట్టలూడిన జంతుశాస్త్రం పుస్తకాలు ఒక్కటీ వదలకుండా చదివాను. ఒళ్ళు ఎంత చిన్నదైతే బరువుతో పోలిస్తే చర్మం అంత ఎక్కువ ఉంటుంది, వేడి అంత బేగా పోతుంది. అందుకే చుంచెలుక రోజంతా తింటూనే ఉంటుంది, ఎలుకపిల్లలు ముద్దగా పడుకుంటాయి. నెలలు నిండని బిడ్డకి వణకడం కూడా చేతకాదు. ఒంట్లో ఉన్న కాస్త కొవ్వునీ వేడికోసం కరిగించుకుంటుంది; అదీ అయిపోతే ఏడవడానికి శక్తి ఉండదు.

ఎంతో తెలుసుకున్నానన్న సంబరంతో ఇంటికొచ్చి అమ్మకి చదివి వినిపించాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే విన్నది.

"అయితే, ఉయ్యాల్లో కాకుండా నా గుండెలమీద ఏసుకునుంటే బతికీదా?"

పుస్తకం మూసేశాను.

ఇప్పుడా గానుగ లేదు, చెరుకు తోటల చోట జీడిమామిడి మొక్కలున్నాయి. అమ్మమ్మ పోయింది. పేరు పెట్టకముందే పోయిన చెల్లి ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. అమ్మ మాత్రం ఇప్పటికీ ఎవరి పసిబిడ్డ చేతికొచ్చినా ముందుగా ముఖం చూడదు. గుడ్డ తప్పించి, అరికాళ్ళు రెండూ గుప్పిట్లో పట్టుకుని, అవి వెచ్చగా తగిలేదాకా ఎవరు పలకరించినా పలకదు.