అవ్వ చెరకు, మూడు పెనాలు

నాకప్పుడు పాతికేళ్లు. బోధన్‌లో చక్కెర మిల్లు పడుతుందట అని జనం చెప్పుకుంటున్న రోజులు. అప్పటిదాకా మా దిక్కు చెరకంతా బెల్లమే అయ్యేది. బెల్లం వండటంలో మా బాపుకు పేరు. ఆయన పోయాక ఆ పేరు నాకొచ్చింది, దాంతోపాటు కళ్లు నెత్తికెక్కాయి.

నా దగ్గర పొయ్యిలో చెరకు పిప్పి వేసే మనిషి ఒకడుండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నేను ‘ఒరే’ అనేవాణ్ణి, ఆయన నన్ను ‘అన్నా’ అనేవాడు. రసం మరిగి పాకానికొచ్చే సమయానికి, "పోయి చెంబెడు నీళ్లు తేపో" అని బాయి దగ్గరికి తరిమేవాణ్ణి. నీళ్లు నా వెనకే ఉండేవి. ఆ నీళ్లలో పాకం చుక్క వేసి, ఉండ కడితే రసం కాగే పెద్ద పెనం దించాలి. అదెక్కడ చూసి నేర్చుకుంటాడోనని నా భయం. బాపు నాకు చేయి పట్టుకుని నేర్పాడు. నేను మాత్రం ఆరేళ్లు ఆ మనిషిని నీళ్లకు తిప్పాను. ఛీ, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోతుంది.

ఆ ఏడు పెనం దించే నలుగురు కూలీలను వెంటబెట్టుకుని, చందూర్ దిక్కున ఒక ముసలవ్వ చెరకు వండటానికి పోయాం. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్న చిన్న మడిలో మూడు పెనాలకు సరిపడే చెరకు. ఏడాదంతా ఆమె తినే గింజలు ఆ బెల్లం అమ్మితేనే.

మొదటి పెనం మరుగుతుండగా ఊరి పటేల్ కబురు పంపాడు, కొత్త పొయ్యి చూసి పొమ్మని. "ఇప్పుడే వస్త" అని పోయాను. వాళ్లు మంచమేసి కూర్చోబెట్టారు. పొగుడుతుంటే లేవబుద్ధి కాలేదు. తిరిగొచ్చేసరికి పెనమంతా మాడి, పొగ కమ్మేసింది. పొయ్యి దగ్గర పిప్పి వేసే ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎందుకు దించలేదురా? కండ్లు కనబడ్తలేవా?"

"కనబడ్డది అన్నా. గని గది నా పని కాదని నువ్వే అంటివి గద."

కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా పైకి తిట్టాను.

అవ్వ ఏడవలేదు. ఆయన ముందుకొచ్చి నిలబడింది. "పెనం ఎప్పుడు దించాల్నో నీకెరుకేనా?"

ఆయన నా వైపు చూశాడు.

"ఆయన దిక్కు సూడకు. నాకు చెప్పు."

"ఎరుకే అవ్వా. సప్పుడు మారుతది."

"అయితే రెండోది నువ్వే దించు. మాడితే నా చెరుకే మాడుతది, నిన్నేమనను."

ఆరేళ్లు బాయి దగ్గర నిలబడి, ఆ మనిషి పాకాన్ని చెవులతో నేర్చుకున్నాడు! రెండో పెనం మరుగుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు. చప్పుడు మందంగా మారగానే చెయ్యెత్తాడు. "దించుర్రి!"

సరైన సమయం. నాకు తెలుసు. తెలిసే అరిచాను, "ఆగు! ఇంకా రాలే!"

ఎందుకన్నానా? నేను లేకుండా బెల్లం అవుతుందని నలుగురూ చూడటం ఓర్వలేక. అంతే, వేరే కారణమేం లేదు. ఆయన చెయ్యి కిందికి దిగిపోయింది. కాసేపాగి నేనే దించమన్నాను. అప్పటికే నల్లబడి చేదెక్కింది.

"చూసినవా అవ్వా, వానితోని కాదు" అన్నాను. నా బుద్ధి గడ్డి తినకపోతే ఆ మాట నోట వస్తుందా!

అవ్వ ముక్క నాకి ఉమ్మేసింది. "వాడు దించుమన్నడు, నువ్వు ఆగుమన్నవు. నాకు చెవులు లేవా కొడుకా? పో, గా దూరం కూసో." తర్వాత ఆయనతో అంది, "మూడోది కూడా నీదే. ఎవ్వలు చెప్పినా ఇనకు. నువ్వన్నప్పుడే దించుదం."

ఆమెకు మిగిలింది ఆ ఒక్క పెనమే.

నేను పిప్పి కుప్ప దగ్గర కూర్చుని చూశాను. మంట ఎక్కడ తగ్గించాలో, తెడ్డు ఎప్పుడు తిప్పాలో ఆయన చెబుతుంటే నలుగురూ చేశారు. పొద్దు వాలకముందే పెనం దిగింది. పసుపు కొమ్ము విరిస్తే లోపల ఉండే రంగు. అలాంటి బెల్లం నేను వండలేదు. నిజం చెప్పాలంటే మా బాపు కూడా వండలేదు. అవ్వ అప్పుడు ఏడ్చింది.

మొదటి ముక్క వండినవాడికే ఇస్తారు. అవ్వ ఆయన చేతిలో పెట్టింది. ఆయన అది తినలేదు. ఆకులో పెట్టుకుని తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"సూడన్నా, మంచిగైందా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. ముక్క నోట్లో పెట్టుకున్నాను, ఇట్టే కరిగిపోయింది. ఆయన నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మంచిమాట, అంతే ఆయనకు కావలసింది.

"ఏదో, అయింది" అన్నాను.

"సరే అన్నా" అని, పెనం కడగటానికి పోయాడు.