సైదులు నింపిచ్చిన క్యాసెట్

పోయినేడు చనిపోయిన నా భార్య సరళ, చర్ల దగ్గర తను పనిచేసిన బడి పిల్లల కోసం కథలు చదివి క్యాసెట్లో రికార్డు చేసింది. కొత్తగూడెం నెట్ సెంటర్ సైదులు దాన్ని ఎంపీత్రీగా మార్చి సీడీలో ఎక్కించిచ్చాడు. ఈ రోజు ఆ సీడీ తీసుకెళ్తే అతని కంప్యూటర్లో పలకలేదు.

"విండోస్ తీసేసి లినక్స్ ఏసిన సార్. ఎంపీత్రీకి పేటెంట్ లొల్లి ఉన్నదట, అందుకే ఈ ఫ్రీ సాఫ్ట్‌వేర్ల పెట్టలే. పేటెంట్ లేని ఫైలుగ మార్చిస్త. గని ఇప్పటికే కుదించింది, మల్ల మారిస్తే సౌండు ఇంకింత పోతది. అసలు క్యాసెట్ ఉంటే ఇయ్యుర్రి."

సంచిలోంచి తీసిచ్చాను. ఇంట్లో టేపురికార్డరు పాడవడంతో సీడీ చేయించాక దాన్ని మళ్లీ వినలేదు. ప్లేయర్లో పెడితే భజన మొదలైంది. రెండో వైపూ భజనే.

"అవ్ సార్, నేనే నింపిన. సీడీల ఎక్కినంక క్యాసెట్ ఉత్తగ ఎందుకని అందరికీ గట్లనే నింపిస్త."

ఉన్న ఫైలునే మార్చమన్నాను. మార్చాక మాటలన్నీ వినిపించాయి. కథకు ముందు సరళ ఊపిరి తీసుకునే చప్పుడు మాత్రం లేదు.

"మనకు వినపడని సప్పుళ్లే తీసేస్తది సార్," అన్నాడు.

నాకు వినపడేది.

ఇది చదివిన మీలో ఎవరికైనా, భజన కింద చెరిగిన గొంతును వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా తెలిస్తే నాకు రాయండి. లేదని తెలుసు. అయినా అడుగుతున్నాను.