నెల తప్పిందంటే

వాణికి నెల తప్పి ఇరవై రోజులైంది. ఇంట్లో పరీక్ష మూడుసార్లు చేసుకుంది, మూడుసార్లూ ఒకటే గీత. అంటే కడుపు లేదని. మరి రావాల్సింది రాదేం? పెళ్లయి ఆరేళ్లు. ఉంటే సంతోషపడాలి, లేకపోతే ఏడవాలి. ఇదేమిటో తేలక పిల్లకి బుర్ర తిరిగిపోతోంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో రిసెప్షన్ ఉద్యోగం. బ్యాంకు పరీక్ష గురించి అడిగినవాడికి పోలీసు పరీక్ష ఫారం చేతిలో పెట్టింది.

ఎల్బీనగర్‌లో వాళ్లు కిరాయికుండే ఇంటి ఓనరు నాగేశ్వరిది భీమవరం. సాయంత్రం మెట్ల దగ్గర ఆపింది.

"ఏంటమ్మా వాణీ, మొహం అలా వాడిపోయింది?"

"నెల తప్పిందాంటీ. గని..."

ఆ 'గని' వినే ఓపిక ఆవిడకెక్కడిది! "మా తల్లే! ఎంత చల్లని మాట చెప్పావు!" అంటూ నేరుగా వాణి అత్త సాయమ్మకే ఫోన్ కొట్టింది. ఆవిడ తప్పేముంది? తెలుగులో నెల తప్పిందంటే కడుపు పండిందనే కదా! ఊరికే తప్పితే ఏమనాలో ఎవరూ చెప్పిపోలేదు.

చీకటి పడకముందే అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి సాయమ్మ చింతకాయల సంచితో దిగింది. వాణి పరీక్ష పుల్ల మీది ఒకే ఒక్క గీత చూపించింది.

"గా ప్లాస్టిక్ పుల్లకేం ఎరుక?" అని కొట్టిపారేసింది సాయమ్మ.

వాణికి పాడు ఆశ పుట్టింది. నిజమే, పుల్లదే తప్పేమో!

మర్నాడు దవాఖానలో రక్తం పరీక్ష చేశారు. "గర్భం లేదమ్మా. ఎందుకు ఆగిందో చూడాలి. థైరాయిడ్ కూడా చేయిద్దాం" అంది డాక్టరమ్మ.

సాయమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. వాణి సిగ్గుతో చితికిపోయింది.

"లేదంటున్నరత్తమ్మా. నేను అబద్ధం చెప్పలే. తప్పిందన్న, గంతే."

సాయమ్మ కోడల్ని చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ ఆయన పుట్టకముందు నాకు గూడ గిట్లనే ఆగింది. నాలుగు నెలలు ఊరంత చెప్పుకొని తిరిగిన. ఐదో నెల ముట్టొచ్చి బయట కూసున్న. మా అత్త నలుగుర్ల నన్ను దొంగ కడుపుదన్నది."

ఇంతలో నాగేశ్వరి ఫోను. సాయమ్మే అందుకుంది.

"ఏం లేదమ్మా. నా కోడలు తప్పు చెప్పలే. ఎవరన్న అడిగితె నన్నడగమను."

వాణి భోరుమంది. బిడ్డ లేనందుకో, అత్త ఉన్నందుకో, ఆమెకే తెలియలేదు.